సముద్రం దగ్గర తీసిన పనోరమా అతకకపోతే ఎక్కడ చూడాలి

విశాఖపట్నంలో కైలాసగిరి మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే బీచ్ రోడ్డు, మేడలు, వంపు తిరిగిన తీరం, చివర డాల్ఫిన్స్ నోస్ కొండ అన్నీ ఒకే చూపులో అందుతాయి. ఫోన్ ఫ్రేమ్‌లోకి మాత్రం రావు. అందుకే ఆరేడు ఫోటోలు తీసి, ఇంటికొచ్చి హగిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తాం. అతుకు చెడిందంటే నేను ముందు చూసేది కంట్రోల్ పాయింట్లనే.

సాఫ్ట్‌వేర్‌కి కొండేదో, కెరటమేదో తెలియదు. వెలుగునీడలు చటుక్కున మారే చోట్లు వెతుకుతుంది: గోడ మూల, కిటికీ అంచు, బండ మీద పగులు. ఆ చోటు చుట్టూ ఉన్న వెలుగు తీరును సంఖ్యలుగా రాసుకుంటుంది. పక్క ఫోటోలో అలాంటి సంఖ్యలే కనిపిస్తే రెండూ ఒకటేనని జత కడుతుంది. ఈ దారిలో బాగా పేరున్న సిఫ్ట్ పద్ధతిని శాస్త్రవేత్త డేవిడ్ లో (Lowe) 1999లో ప్రకటించారు. జత కట్టిన ఆ చోటే కంట్రోల్ పాయింట్.

ఫోటోలు తెరవగానే లెన్స్ వివరాలు అడుగుతోంది

ఆ ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా వచ్చినవై ఉంటాయి. అలా పంపితే సైజు తగ్గడంతో పాటు లోపల ఉండే ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పు చూస్తుందో చెప్పే అంకె) సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించుకోండి, లేదా కేబుల్‌తో ఎక్కించుకోండి. అంకె ఊహించి వేయకండి. అది తప్పితే తర్వాత చేసేదంతా వంకరే.

రెండు ఫోటోల మధ్య పాయింట్లే దొరకలేదు

ముందు రెండింట్లోనూ కలిసే భాగం ఎంతుందో చూడండి. మూడో వంతుకు తగ్గకూడదు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే మామూలు లెన్స్ అడ్డంగా సుమారు 50 డిగ్రీలు చూస్తుంది. అంటే ఒక్కో ఫోటోకి 30 డిగ్రీలకు మించి తిరగొద్దు.

కలిసే భాగం బాగానే ఉన్నా పాయింట్లు రాలేదంటే, ఆ భాగంలో ఉన్నది నీళ్లూ ఆకాశమే. పట్టుకోవడానికి మూల ఏదీ లేదు. మన ఊళ్లో దీనికి ఒక వెసులుబాటు ఉంది. తీరానికి దూరంగా లంగరేసిన ఓడలు తరచూ కనిపిస్తాయి. తీసేటప్పుడే ఒక ఓడ రెండు ఫోటోల్లోనూ పడేలా చూసుకోండి. ఒకదాని వెంట ఒకటి త్వరగా తీస్తే ఆ కాస్త సమయంలో ఓడ కదలదు. దాని మీద చేత్తో ఒక పాయింట్ పెట్టండి.

ఒక్క పాయింట్ చాలదు కదా అంటారు. మిగతా సాయం సముద్రపు అంచు చేస్తుంది. కంట్రోల్ పాయింట్ల ట్యాబ్‌లో ఎడమా కుడీ రెండువైపులా ఒకే ఫోటో తెరిచి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద దూరదూరంగా రెండు గుర్తులు పెట్టి, రకం దగ్గర అడ్డగీత ఎంచుకోండి. రెండో ఫోటోకీ అలాగే చేయండి. దాంతో వాలు కుదురుతుంది. ఎత్తుపల్లం, ఎడమ కుడి జరుపు ఓడ చూసుకుంటుంది. ఓడ కూడా లేకపోతే, సమానంగా తిరిగారనుకుని ఆ ఫోటో యా (ఎడమ కుడి కోణం), పిచ్ (ఎత్తుపల్లం కోణం) విలువలను మీరే వేసి, వాటిని ఆప్టిమైజ్ చేయకుండా, అంటే సాఫ్ట్‌వేర్ చేత లెక్కగట్టించకుండా వదిలేయండి.

పాయింట్లు బోలెడున్నాయి, బొమ్మ మాత్రం చెదిరింది

ఎఫ్3 నొక్కితే పాయింట్ల పట్టిక వస్తుంది. దూరం, అంటే జత కట్టిన రెండు గుర్తులూ అతికాక ఎంత ఎడంగా పడ్డాయో, దాని ప్రకారం పేర్చి చూడండి. ట్రైపాడ్ మీద తీసినవైతే తేడా ఒకటి రెండు పిక్సెళ్లలో ఉండాలి, చేత్తో తీసినవైతే నాలుగైదు వరకూ ఫరవాలేదు. యాభై, వంద కనిపిస్తే ఆ జత తప్పయి ఉండొచ్చు.

అయితే పెద్ద అంకె కనిపించగానే తీసేయకండి. ఈ పొరపాటు నేను చాలాకాలం చేశాను. కెరటాల మీద నలభై పాయింట్లు, కొండ మీద మూడే ఉన్నాయనుకోండి. ఆప్టిమైజర్ నలభై వైపే మొగ్గుతుంది, నిజం చెప్పే ఆ మూడింటికీ పెద్ద తేడా చూపిస్తుంది. వాటిని తీసేస్తే పట్టిక శుభ్రంగా కనిపిస్తుంది, బొమ్మ పాడవుతుంది. పాయింట్ మీద నొక్కి, అది దేని మీద ఉందో కళ్లతో చూడండి. నురగ మీద, మబ్బు మీద, గాలికి ఊగే కొబ్బరాకు మీద ఉన్నవి అంకె ఎంత చిన్నదైనా తీసేయాల్సిందే. మబ్బుల మీది వాటిని హగిన్‌లోని సెలెస్ట్ అనే పనిముట్టు చాలావరకు ఏరేస్తుంది. కెరటాలు మనమే ఏరుకోవాలి.

బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల కిటికీలది ఇంకో చిక్కు. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మూడో అంతస్తు కిటికీని నాలుగో అంతస్తు దానితో కలిపేస్తుంది. అవి తీసి, నీళ్ల ట్యాంకు, బోర్డు, మేడ చివరి మూల లాంటి ఒక్కటే ఉండే వాటి మీద పెట్టండి.

దూరంవన్నీ కలిశాయి, దగ్గరి రెయిలింగ్ విరిగింది

దీనికి పాయింట్లు ఎన్ని మార్చినా లాభం లేదు. తప్పు తీసినప్పుడే జరిగింది. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి వేలిని చూడండి. వేలు వెనకున్న గోడ మీద జరిగినట్టు ఉంటుంది. మీరు ఒళ్లంతా తిప్పినప్పుడు చేతిలో ఉన్న ఫోన్ రెండడుగుల వలయంలో ప్రయాణించింది. డాల్ఫిన్స్ నోస్‌కి ఆ జరుగు లెక్కలోకి రాదు. మీటరు దూరంలో ఉన్న కడ్డీకి చాలా ఎక్కువ.

మీరు ఫోన్ చుట్టూ తిరగాలి, ఫోన్ మీ చుట్టూ తిరగకూడదు. లెన్స్ కింద నుంచి దారం వేలాడదీసి, చివర బోల్టు కట్టండి, తాపీమేస్త్రి గోడ నిలువు చూసుకునే గుండులాగ. నేల మీద ఒక గుర్తు పెట్టి, ప్రతి ఫోటోకీ బోల్టు ఆ గుర్తు మీదే ఉండేలా తిరగండి. ఇంత తేలికైన పనికి ఇంత ఫలితం ఉంటుందని చేసి చూస్తేగానీ నమ్మకం కలగదు.

ఇప్పటికే తీసేసిన ఫోటోలైతే, రెయిలింగ్ మీది పాయింట్లన్నీ తీసి దూరపు వాటినే ఉంచండి. తర్వాత మాస్క్‌తో ఒక ఫోటోలోని రెయిలింగ్‌ని దాచేస్తే రెండోదే కనిపిస్తుంది. ఒకే మనిషి రెండుచోట్ల పడితే కూడా ఇదే మందు.

ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సురా సబ్‌మెరైన్ సంగతి వేరు. దాని పొడవు 91 మీటర్లు. దగ్గర నుంచి మొత్తం రావాలని పక్కకి నడుస్తూ తీస్తే కెమెరా నిలబడిన చోటే మారిపోతుంది. మామూలు ఆప్టిమైజ్ దీన్ని కలపలేదు. కెమెరా జరుగుడును కూడా లెక్కించే మొజాయిక్ పద్ధతి వాడి, పాయింట్లు సబ్‌మెరైన్ ఒంటి మీదే పెట్టండి. వెనకున్న సముద్రం మీదా చెట్ల మీదా ఒక్కటి కూడా వద్దు.

సముద్రం వాలింది, లేదా విల్లులా వంగింది

పైన చెప్పిన అడ్డగీతే దీనికీ పనికొస్తుంది. మూడు నాలుగు ఫోటోల్లో పెట్టి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. మేడల అంచులకు మాత్రం అడ్డగీత వాడొద్దు. పక్క నుంచి చూసిన మేడ అంచు ఫోటోలో నిజంగానే వాలుగా ఉంటుంది, దాన్ని బలవంతంగా సరిచేస్తే మిగతాదంతా వంగుతుంది. మేడలకు, దీపస్తంభాలకు నిలువుగీతే సరైనది.

ఆకాశంలో చారలు

ఫోటో ఫోటోకీ ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) మారింది. సాయంత్రం బీచ్‌లో ఇది తప్పదు, ఒకవైపు ఊరి మీద ఎండ, ఇంకోవైపు నీడపడిన నీళ్లు. తీసేముందు ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. తీసేశాక అయితే హగిన్‌లో వెలుగు, రంగు తేడాలు సరిచేసే ఫోటోమెట్రిక్ ఆప్టిమైజ్ నడపండి. కెమెరాకి పోలరైజర్ (ఆకాశపు నీలాన్ని ముదురు చేసే ఫిల్టర్) ఉంటే తీసి పక్కన పెట్టండి. అది వేసిన నీలి మచ్చని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు.