గ్యాస్ పికప్‌లో గేజ్ తప్పు చూపిస్తోందా? ముందు ట్యాంకు మీది డయల్ చూడండి

పెట్రోల్ పికప్‌కి ఎల్‌పీజీ కిట్ పెట్టించాక డ్యాష్‌బోర్డులో ముల్లు పెట్రోల్ లెక్కే చెబుతుంది. గ్యాస్ మీద నడిపేటప్పుడు అది కదలకపోతే కంగారు పడకండి. గ్యాస్ ఎంతుందో చెప్పేవి చేంజోవర్ స్విచ్ (పెట్రోల్‌కీ గ్యాస్‌కీ మార్చేది) మీది చిన్న లైట్లు.

ట్యాంకు లోపల ద్రవం మీద తేలే ఫ్లోట్ ఉంటుంది. అది లేచినా దిగినా ఒక అయస్కాంతం తిరుగుతుంది, దాంతో మల్టీవాల్వ్ (ట్యాంకు మీద బిగించిన, వాల్వులన్నీ కలిసున్న భాగం) మీదున్న డయల్ ముల్లూ తిరుగుతుంది. ఆ డయల్‌కి బిగించిన సెన్సర్, చేంజోవర్ స్విచ్‌కి సిగ్నల్ పంపుతుంది. కాబట్టి డయల్ సరిగ్గా ఉండి లైట్లు తప్పు చూపిస్తే తేడా వైరింగ్‌లోనో సెన్సర్‌లోనో ఉన్నట్టు. డయలే కదలకపోతే తేడా ట్యాంకు లోపల. ఈ ఒక్కటి చూడకుండా సెన్సర్ కొనడం దండగ.

సమస్య: లైట్లు ఎగిరెగిరి పడుతున్నాయి, లేదా ఎప్పుడూ ఎర్ర లైటే.
వైజాగ్‌లో ముందు అనుమానించాల్సింది ఉప్పునే. బీచ్ రోడ్డు గాలి ఒక ఎత్తయితే, హార్బర్ నుంచి చేపల పెట్టెలు మోసే బండ్లకి ఐసు కరిగిన ఉప్పునీళ్ళు నేరుగా కింద సెన్సర్ వైర్లు కలిసే కప్లర్ మీదే కారతాయి. కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి, తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాసి బిగించండి. ఎర్తు వైరు ఛాసిస్‌కి కలిసేచోట తుప్పు గీకండి. చాలాసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది.

అప్పటికీ మారకపోతే సెన్సర్‌ని పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు విప్పి, దాని అడుగున చిన్న అయస్కాంతం తిప్పి చూడండి. లైట్లు మారితే సెన్సర్ బాగున్నట్టే. మారకపోతే, వైరు ఎక్కడా తెగలేదని మల్టీమీటర్‌తో చూసుకున్నాకే కొత్తది కొనండి.

సమస్య: కొత్త సెన్సర్ వేశాక లైట్లు తలకిందులయ్యాయి.
సెన్సర్లు రకరకాలు. కిట్ కంట్రోలర్‌లో ఆ రకం సెట్ చేయాలి. లాప్‌టాప్ పెట్టి ట్యూనింగ్ చేసే మెకానిక్‌కి ఇది ఐదు నిమిషాల పని.

సమస్య: 40 లీటర్ల ట్యాంకులో 32 లీటర్లకే బంకులో ఆగిపోతోంది.
రిపేరేమీ లేదు. వేడికి గ్యాస్ వ్యాకోచించడానికి చోటు కావాలి కనక వాల్వ్ 80 శాతం దగ్గరే ఆపేస్తుంది.

సమస్య: సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు లైట్లు పెరుగుతాయి, తగ్గుతాయి.
ద్రవం ఒక పక్కకి ఒరుగుతుంది, అంతే. చదునుగా ఉన్నచోట ఆపి చూడండి.

కొందరు ప్రెషర్ గేజ్ పెట్టించమంటారు. సీఎన్‌జీకి అది పనికొస్తుంది గానీ ఎల్‌పీజీకి కాదు. ట్యాంకులో ద్రవం ఉన్నంతసేపూ ప్రెషర్ ఎండని బట్టే మారుతుంది తప్ప మట్టాన్ని బట్టి కాదు.

ఇక డయలే ఇరుక్కుంటే మీరు ముట్టుకోకండి. మల్టీవాల్వ్‌ను ట్యాంకుకి పట్టి ఉంచే బోల్టులు వదులు చేశారా, గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. గాలికన్నా బరువైనది కాబట్టి నేలమట్టానే పరుచుకుంటుంది. అందుకే పైన చెప్పిన చిన్న పనులు కూడా సెల్లార్‌లో కాకుండా ఆరుబయటే చేయండి. ఫ్లోట్ మార్చాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి. దానికి ఆటోనగర్‌లో గ్యాస్ కిట్ల పని తెలిసిన మెకానిక్ కావాలి. అంతవరకూ ట్రిప్ మీటర్ చూసి నడుపుకోండి, పెట్రోల్ ట్యాంకులో కొంచెం ఉంచుకోండి.