గిఫ్ ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు

బతుకమ్మకు వాట్సాప్‌లో పంపేందుకు కదిలే బొమ్మ (గిఫ్) చేశారా? హన్మకొండలో మా ఫ్లెక్సీ షాపుకు పండగ ముందు ఇదే పని. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు ఇవి చూసుకోండి.

– అసలు ప్రాజెక్టు ఫైలు విడిగా సేవ్ చేశారా? గిఫ్‌లో పోయిన రంగులు మళ్లీ రావు.

– కొలత. వెడల్పు, ఎత్తు రెండూ సగం చేస్తే పిక్సెళ్లు నాలుగో వంతే మిగులుతాయి. ఫోన్‌కు 480 పిక్సెళ్ల వెడల్పు చాలు.

– ఫ్రేములు, అంటే ఒకదాని తర్వాత ఒకటి కనిపించే బొమ్మలు. ఒకటి విడిచి ఒకటి తీసేస్తే మిగిలినవాటి వ్యవధి రెట్టింపు చేయాలి. మరిచిపోతే ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ ఉరికినట్టు కనిపిస్తారు!

– అసలు టెన్షన్ రంగులతోనే. ఫ్రేముకు 256 మించవు. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ లాంటి రంగులతో గీసిన బొమ్మలైతే 64తోనే సరిపెట్టొచ్చు. వెనకాల వేయిస్తంభాల గుడి మీద సాయంత్రపు ఆకాశం ఫొటో పెడితే మాత్రం చారలు పడతాయి. చారలు పోవాలని డితరింగ్ (ఉన్న రంగుల చుక్కలు కలిపి లేని రంగులా చూపించడం) పెడితే సైజు పెరుగుతుంది. ఎందుకంటే ఒకే రంగు వరుసగా ఉన్నచోటే గిఫ్ బాగా కుదించగలదు. నేనైతే ఫొటో తీసేసి ఒకే రంగు నింపుతా.

– ఫొటో ఉండాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే గిఫ్ వద్దు, ఎంపీ4 వీడియో చేసివ్వండి.