బరంపురం నుంచి సముద్రపు చమురు క్షేత్రాల దాకా: చేతిపని వారికి దారి

ఐటీఐ పరీక్షలు ముగిసే రోజుల్లో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ల నుంచి నా దగ్గరకు వచ్చే పిల్లలూ, వారి వెంట వచ్చే తల్లిదండ్రులూ దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "ఆఫ్‌షోర్‌లో ఉద్యోగం రావాలంటే ఏ కోర్సు చేయించాలండీ?" పైపు ఫిట్టరుగా మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా యార్డుల్లోనూ సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల మీదా గడిపిన వాడిగా నేను ముందుగా చెప్పేది, ఆఫ్‌షోర్ అనేది వృత్తి పేరు కాదని, పని జరిగే చోటి పేరు మాత్రమేనని. నేల మీద వెల్డింగు, పైపు ఫిట్టింగు, రిగ్గింగు (బరువులు కట్టి ఎత్తడం), కరెంటు, ఇన్‌స్ట్రుమెంటేషన్ (పీడనం, వేడి వంటివి కొలిచే పరికరాల) పనుల్లో చేయి తిరిగిన వారినే కంపెనీలు సముద్రం మీదికి తీసుకువెళతాయి. ముందు వృత్తి, ఆ తర్వాత నేల మీద అనుభవం, దాని తర్వాతే సముద్ర భద్రతా శిక్షణ రావాలి. ఈ వరుస తలకిందులైన చోటే మన వాళ్ల డబ్బు ఎక్కువగా పోతోంది.

పని ఎక్కడ ఉంది

మన దేశంలో సముద్రపు చమురుకు పెద్ద చిరునామా ముంబయి తీరానికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న ముంబయి హై. 1974లో ఓఎన్‌జీసీ సాగర్ సామ్రాట్ అనే రిగ్గుతో అక్కడ చమురు కనుగొంది. తూర్పు తీరంలో మనకు దగ్గరగా ఉన్నది కృష్ణా గోదావరి బేసిన్. అక్కడి లోతు నీళ్లలో రిలయన్స్ కేజీ-డీ6 నుంచి 2009లో గ్యాసు, ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో చమురు రావడం మొదలైంది. గల్ఫ్‌కు వెళితే సౌదీలోని సఫానియా, ఖతార్‌లోని నార్త్ ఫీల్డ్ వంటి క్షేత్రాలు ఉన్నాయి.

అయితే ఒక్క విషయం గుర్తించాలి. సముద్రంలో నిలబడే ఉక్కు కాళ్ల చట్రమూ, దాని మీద కూర్చునే డెక్కూ ఒడ్డున ఉన్న ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో తయారై, బార్జీల మీద వెళ్లి, అక్కడ నిలబడతాయి. అందువల్ల వెల్డరుకు, ఫిట్టరుకు మొదటి ఆఫ్‌షోర్ అనుభవం నిజానికి ఒడ్డునే దొరుకుతుంది. గంజాం జిల్లాలో సూరత్ మగ్గాల దారి తెలియని ఊరు లేదు. ఆ సూరత్ పక్కనే ఉన్న హజీరాలో ఎల్ అండ్ టీ వారి పెద్ద ఫ్యాబ్రికేషన్ యార్డు ఉంది, చెన్నై దగ్గర కాట్టుపల్లిలో మరొకటి ఉంది. మగ్గం పనికి వెళ్లిన అన్నో, మేనమామో ఇప్పటికే ఆ ఊళ్లో గది తీసుకుని ఉంటే, చేతిపని నేర్చిన కుర్రవాడికి తొలి మెట్టు అక్కడే దొరకవచ్చు. పారాదీప్, విశాఖ రిఫైనరీలలో అప్పుడప్పుడూ ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనులు కూడా మంచి బడులే, ఎందుకంటే పర్మిట్, అంటే పనికి ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి, లేకుండా స్పానర్ ముట్టుకోకూడదన్న అలవాటు అక్కడే ఒంటబడుతుంది.

ఏ వృత్తి ఎంచుకోవాలి

వెల్డింగులో చేరదలిస్తే ఐటీఐలో ఒక ఏడాది. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అయితే రెండేళ్లు. వెల్డరు ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలునన్నది నిజమే, అయినా పదో తరగతి పాస్ కాకుండా బడి మానవద్దని నేను గట్టిగా చెబుతాను. దాని కారణం పాస్‌పోర్టు దగ్గర తెలుస్తుంది.

వెల్డరు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల నుంచి ఎక్కువ మంది వెళ్లేదీ, ఎక్కువ మంది పరీక్షలో తప్పేదీ ఇందులోనే. గేట్లు, కిటికీ గ్రిల్లులు అతికించిన చేయి ఎంత వేగంగా నడిచినా చమురు కంపెనీ దానిని వెల్డింగు కిందికి లెక్క కట్టదు. వారు పెట్టే పరీక్ష పేరు 6జీ. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, దానిని తిప్పకుండా, వెల్డరే చుట్టూ తిరుగుతూ కిందనుంచి పైకి అతికించాలి. అంటే ఒకే జాయింటులో తలకిందుల వెల్డింగు, నిలువు వెల్డింగు, వాలు వెల్డింగు అన్నీ వస్తాయి. ప్లాట్‌ఫారం కాళ్ల దగ్గర గొట్టాలు ఒకదానిలోకి ఒకటి వచ్చి కలిసే జాయింట్లకు 6జీఆర్ అనే మరింత కష్టమైన పరీక్ష ఉంటుంది. అందులో జాయింటు పక్కనే ఒక ఉక్కు వలయం అడ్డుపెట్టి, చేయి ఆడే చోటును కావాలనే ఇరుకు చేస్తారు.

పైపు అంచును సాధారణంగా 37.5 డిగ్రీల వాలుకు కోసి, రెండు అంచుల మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల గ్యాపు ఉంచి, మొదటి పొరను, అంటే రూట్‌ను, ఆర్గాన్ గ్యాసు రక్షణలో చేసే టిగ్ వెల్డింగుతో వేసి, పై పొరలను 7018 రాడ్డుతో నింపడం ఎక్కువ చోట్ల ఉన్న పద్ధతి. తరువాత జాయింటుకు ఎక్స్‌రే తీస్తారు. రూట్ లోపలికి దిగకపోయినా, గాలి బుడగలు మిగిలినా, స్లాగు, అంటే రాడ్డు పూత కరిగి మిగిలిన చిట్టెం, చిక్కుకున్నా అందులో కనిపిస్తుంది. నేను చూసిన ఓటములలో ఎక్కువ భాగం రూట్ దగ్గరే జరిగాయి, అదీ ఫిట్టప్‌లో, అంటే అతికించే ముందు అంచులు జతపరచడంలో, గ్యాపు సమానంగా లేకపోవడం వల్ల జరిగాయి. అందుకే వెల్డరు గ్రైండరు పట్టడం, ఫిట్టప్ చూసుకోవడం కూడా నేర్చుకోవాలి. ఫిట్టరు ఇచ్చినదే అతికిస్తానంటే కుదరదు.

రాడ్డు గురించి మన తీరం వారికి ప్రత్యేకంగా ఒక మాట. గోపాలపురం గాలిలో ఉప్పు కూడా, తేమ కూడా చాలా ఎక్కువ. 7018 రాడ్డు పూతకు తేమ పట్టిందంటే, అందులోని హైడ్రోజన్ వెల్డులోకి చేరి, జాయింటు చల్లారిన తర్వాత గంటలకో, మరునాటికో పగులు తెస్తుంది. డబ్బా విప్పిన రాడ్లను కనీసం 120 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఓవెన్‌లో ఉంచాలనీ, బయటికి తీసిన తర్వాత 4 గంటలకు మించి గాలిలో వదలకూడదనీ అమెరికా వెల్డింగు సంఘం ఉక్కు నిర్మాణాల కోడ్ చెబుతుంది. నేర్చుకునే వర్క్‌షాపులో ఓవెన్ లేకపోతే, ఆ వర్క్‌షాపు ఎంత దగ్గరగా ఉన్నా వేరొకటి వెతుక్కోవడం మంచిది.

రిగ్గరు పనిని మన ఇళ్లలో "బరువులు మోసే పని" అని తక్కువగా చూస్తారు. అది సరికాదు, ఎందుకంటే ఈ పనిలో లెక్క తప్పితే పక్కనున్న మనిషి ప్రాణం పోతుంది. రెండు కాళ్ల స్లింగుతో (బరువును క్రేన్ కొక్కేనికి తగిలించే తాడు) 1 టన్ను బరువు ఎత్తేటప్పుడు, స్లింగు కాళ్లు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలిపై సుమారు 580 కిలోల లాగుడు పడుతుంది; ఆ కోణం 30 డిగ్రీలకు వాలితే ఒక్కో కాలిపై పూర్తి 1 టన్ను పడుతుంది. సరఫరా పడవ అలల మీద లేచి పడుతుండగా దాని నుంచి సరుకు ఎత్తేటప్పుడు ఈ భారం ఇంకా పెరుగుతుంది. గోపాలపురం, ఆర్యపల్లి తీరాల్లో తరతరాలుగా చేపల వేట చేస్తున్న తెలుగు కుటుంబాల పిల్లలకు తాడు ముడి, అల తీరు, పడవ ఊపు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలివికి లెక్కా, సర్టిఫికెట్టూ తోడైతే వారికంటే మంచి రిగ్గర్లు దొరకరని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు కావాలనుకునేవారు ముందుగా కంటి డాక్టరు దగ్గర రంగులు గుర్తించే పరీక్ష చేయించుకోవాలి. రెండేళ్లు చదివాక ఆ లోపం బయటపడితే బాధ ఎక్కువ. ప్లాట్‌ఫారం మీద మండే గ్యాసు ఎప్పుడూ ఉండే చోటును జోన్ 0 అనీ, మామూలు పనిలోనే రాగల చోటును జోన్ 1 అనీ, అరుదుగా వచ్చే చోటును జోన్ 2 అనీ విభజిస్తారు. ఏ జోన్‌లో ఏ పరికరం పెట్టవచ్చో, దాని కేబుల్ గ్లాండు ఎలా బిగించాలో తెలిసినవారికి కాంపెక్స్ అనే సర్టిఫికెట్టు ఉంటుంది, గల్ఫ్‌లో దానిని చాలా చోట్ల అడుగుతారు. పరంజా కట్టేవారు, ఇసుక బ్లాస్టింగు చేసి రంగు వేసేవారు, క్రేన్ ఆపరేటర్లు, డీజిల్ మెకానిక్కులు, వంటవారు కూడా అవసరమే. డ్రిల్లింగు రిగ్గు మీది దారి వేరు: రౌస్టబౌట్‌గా (డెక్కు మీది సహాయకుడు) చేరి, రఫ్‌నెక్ (డ్రిల్లింగు చోట పనివాడు), డెరిక్‌మన్ (డ్రిల్లింగు గోపురం మీద పనిచేసేవాడు), అసిస్టెంట్ డ్రిల్లర్, డ్రిల్లర్ అని ఏళ్ల తరబడి మెట్లు ఎక్కాలి.

పేరు, కాగితాలు

ఒడిశాలోని తెలుగు వారికి ఉన్న ఒక ప్రత్యేకమైన చిక్కు ఇది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. బడిలో రికార్డు రాసేవారు దానిని చివరికి మార్చడమో, ఒక్క అక్షరానికి కుదించడమో, ఒడియా ఉచ్చారణ ప్రకారం ఇంగ్లిషు స్పెల్లింగు వేయడమో జరుగుతుంది. మెట్రిక్ సర్టిఫికెట్టులో ఒక రకం, ఆధార్‌లో ఇంకో రకం, ఐటీఐ సర్టిఫికెట్టులో మరో రకం ఉంటే వీసా దగ్గర అంతా ఆగిపోతుంది. మెట్రిక్ సర్టిఫికెట్టును ఆధారంగా తీసుకుని, మిగతావన్నీ దానికి సరిపోయేలా దిద్దించుకున్నాకే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్, అంటే ఉద్యోగానికి దేశం దాటే, అనుమతి అవసరం ఉండదు. పాస్ కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే సాధారణంగా ఆ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

సముద్ర భద్రతా శిక్షణ

సముద్ర చమురు రంగంలో శిక్షణ ప్రమాణాలు నిర్ణయించే ఒపిటో సంస్థ గుర్తింపు ఉన్న కేంద్రాల్లో జరిగే ఈ శిక్షణను బోసియెట్ అంటారు. మన సముద్రాల వంటి వెచ్చని నీళ్లకు ట్రాపికల్ బోసియెట్ సరిపోతుంది. సుమారు మూడు రోజుల్లో మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, తెప్పలో ప్రాణం నిలుపుకోవడం, నీటిలో తిరగబడిన హెలికాప్టరు నుంచి బయటపడడం నేర్పుతారు. ఈ చివరిదానికే అందరూ భయపడతారు. ఒక కృత్రిమ కేబిన్‌లో బెల్టు కట్టి కూర్చోబెట్టి, కొలనులో ముంచి, తలకిందులుగా తిప్పుతారు. అప్పుడు ఒక చేత్తో కిటికీ అంచును వదలకుండా పట్టుకోవాలి, కదలిక ఆగేదాకా ఆగాలి, కిటికీని తోసేయాలి, ఆ తర్వాతే బెల్టు విప్పాలి. తొందరపడి ముందే బెల్టు విప్పితే నీటిలో తేలిపోయి, పైదేదో కిందదేదో తెలియకుండా పోతుంది. గొప్ప ఈతగాళ్లు కూడా ఇక్కడ తడబడడం చూశాను. ఈత అంతగా రాని కొండప్రాంతపు కుర్రాళ్లు చెప్పినది చెప్పినట్టు చేసి బయటపడడమూ చూశాను.

ఈ సర్టిఫికెట్టు నాలుగేళ్లే చెల్లుతుంది. మా మేనల్లుడు ఒకడు ఐటీఐ కాగానే, ఉద్యోగం తప్పక వస్తుందని ఒక శిక్షణ కేంద్రం వారు చెప్పిన మాట నమ్మి, వాళ్ల అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఈ శిక్షణ పూర్తి చేశాడు. చేతిలో పైపు వెల్డింగు పరీక్ష లేదు, అనుభవం లేదు. నాలుగేళ్లూ ఇంట్లోనే గడిచిపోయాయి. ట్రేడ్ టెస్టులో నెగ్గి, కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఆఫర్ వచ్చిన తర్వాతే ఈ ఖర్చు పెట్టాలి. చాలా కంపెనీలు ఆ దశలో తామే ఖర్చు భరిస్తాయి కనుక ఆ సంగతి ముందే అడగాలి.

పర్మిట్ చదవడం

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం ప్రమాదంలో 167 మంది చనిపోయారు. ఒక పంపుకు ఉన్న సేఫ్టీ వాల్వును పగటి షిఫ్టు వారు మరమ్మతుకు విప్పి, ఆ చోట ఒక మూత ఫ్లాంజిని మాత్రమే పెట్టారు. ఆ సమాచారం రాత్రి షిఫ్టు వారికి సరిగా చేరలేదు. రెండో పంపు ఆగిపోగానే వారు మొదటిదాన్ని నడిపించారు, లీకైన కండెన్సేట్, అంటే గ్యాసు నుంచి వచ్చే తేలిక చమురు, పేలింది. పర్మిట్ కాగితం మీద సంతకం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేను. పర్మిట్లు ఇంగ్లిషులో ఉంటాయి, మాటలు హిందీలోనూ ఇంగ్లిషులోనూ నడుస్తాయి. తెలుగు, ఒడియా రెండూ ఇంట్లోనే నేర్చిన మన పిల్లలకు హిందీ త్వరగా పట్టుబడుతుంది. ఇంగ్లిషు మాత్రం కష్టపడి చదవాలి. "ఐసోలేషన్", "బ్లైండ్", "హాట్ వర్క్", "గ్యాస్ టెస్ట్" వంటి యాభై అరవై మాటలు అర్థమయ్యాయంటే పర్మిట్ సగం అర్థమైనట్టే. అర్థం కాని పర్మిట్ మీద సంతకం చేయనని చెప్పే హక్కు మీకు ఉంది.

ఏజెంటు, ఒప్పందం, సీజను

విదేశానికి పంపే ఏజెంటుకు భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడవచ్చు. అతడు మీ దగ్గర తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు తప్పక ఇవ్వాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే వెనక్కి తిరిగి రావడమే మేలు. ఒప్పందంలో మూల వేతనం ఎంత, ఓవర్‌టైము లెక్క ఏది, వాతావరణం బాగోలేక పని ఆగిన రోజులకు జీతం ఉందా, ఎన్ని రోజుల పనికి ఎన్ని రోజుల సెలవు, రానుపోను టికెట్టు ఎవరిది, ప్రమాద బీమా ఎంత అన్నవి వేరువేరుగా రాసి ఉండాలి. సముద్రం మీద షిఫ్టు 12 గంటలు. ఓఎన్‌జీసీలో 14 రోజుల పని, 14 రోజుల విరామం పద్ధతి ఉంది. కాంట్రాక్టర్ల దగ్గర పని రోజులు చాలా ఎక్కువగా ఉంటాయి.

పడమటి తీరంలో నిర్మాణపు పనులు వానాకాలం వెళ్లాక మొదలై మే నెల వరకు సాగుతాయి. కాబట్టి ట్రేడ్ టెస్టుకు సిద్ధం కావాల్సిన కాలం మనకు ఆషాఢం నుంచి దసరా దాకా. 2021 మేలో తౌక్తే తుపాను సమయానికి బార్జీలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి, పీ-305 అనే బార్జీ మునిగి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయారు. ఫైలిన్‌నూ, తిత్లీనీ ఇంటి కప్పు కింద కూర్చుని చూసిన మన జిల్లాల వారికి ఆ సమయంలో నడిసముద్రంలో ఉండడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. సీజను చివరి వారాల్లో పని ఒప్పుకునేటప్పుడు, తుపాను హెచ్చరిక వస్తే ఎప్పుడు, దేనిలో ఒడ్డుకు చేరుస్తారో అడిగి తెలుసుకోండి.

ఇంటికి వచ్చిన వెల్డరు ఇంకొకటి చూసుకోవాలి. అమెరికా యంత్ర ఇంజనీర్ల సంఘం కోడ్ ప్రకారం, అర్హత పొందిన ప్రక్రియలో 6 నెలల పాటు వెల్డింగు చేయకపోతే ఆ అర్హత రద్దవుతుంది. ఏ తేదీన, ఏ జాయింటు, ఏ ప్రక్రియతో అతికించారో ఒక పుస్తకంలో రాసి, ఇన్‌స్పెక్టరు చేత సంతకం పెట్టించుకుని దాచుకోండి; జూన్‌లో ఇంటికి వచ్చి నవంబరులో మళ్లీ పరీక్షకు నిలబడినప్పుడు వారు మొదట అడిగేది ఆ పుస్తకమే.