సర్జరీ డ్యూటీలో కడుపునొప్పి పేషెంట్‌ని చూడటం ఎలా

సర్జరీ టీమ్‌లో కొత్తగా చేరిన ఫిజిషియన్ అసిస్టెంట్లకి మొదటి వారంలోనే ఎదురయ్యేది కడుపునొప్పి. ఎమర్జెన్సీ నుంచి ఫోన్ వస్తుంది, సర్జన్ థియేటర్‌లో ఉంటారు, వెళ్లి చూడాల్సింది మీరే. అప్పుడు చాలామంది రోగం పేరు కనుక్కోవాలని టెన్షన్ పడిపోతారు. పేరు తర్వాత సంగతి. ముందు తేల్చాల్సింది, ఈ మనిషికి ఆపరేషన్ ఇప్పుడే కావాలా, కొన్ని గంటలు ఆగొచ్చా, అసలు అక్కర్లేదా అన్నది. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్తే ఏం అడగాలో, ఎక్కడ చెయ్యి పెట్టాలో చాలావరకు తెలిసిపోతుంది.

గుమ్మంలో ఉండగానే చూడటం మొదలుపెట్టండి. మోకాళ్లు ముడుచుకుని, కదిలితే ప్రాణం పోతుందన్నట్టు బిగుసుకుపోయి, ఊపిరి కూడా పైపైనే తీసుకుంటున్నారంటే కడుపు లోపలి పొర వాచిందేమో అనుకోవాలి. దాన్నే పెరిటొనైటిస్ అంటాం. అలా కాకుండా ఒక్కచోట ఉండలేక మెలికలు తిరిగిపోతుంటే కిడ్నీ రాయిలాంటి నొప్పి అయ్యుండొచ్చు. తర్వాత పల్స్, బీపీ, ఊపిరి వేగం, జ్వరం మీ కళ్లతో మీరే చూసుకోండి. గంట క్రితం చార్టులో రాసిన అంకెని నమ్ముకోవద్దు. పల్స్ 120 దాటి బీపీ పడిపోతుంటే కథంతా అడుగుతూ కూర్చోకండి. రెండు చేతులకీ పెద్ద సైజు కాన్యులాలు, ఫ్లూయిడ్స్, బ్లడ్ గ్రూపింగ్, క్రాస్ మ్యాచింగ్‌కి శాంపిల్, వెంటనే సర్జన్‌కి ఫోన్. ఒక్క జాగ్రత్త. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి ఎంత ప్రమాదంలో ఉన్నా పల్స్ పెరగకపోవచ్చు, స్టెరాయిడ్లు వాడేవాళ్లలోనూ బాగా వయసు మీదపడ్డవాళ్లలోనూ కడుపు గట్టిపడకపోవచ్చు, అందుకే వాళ్ల మందుల చీటీ ముందే చూడాలి.

అడిగే ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చేది, నొప్పి ఎలా మొదలైందన్నది. "టీవీ చూస్తున్నాను, ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టయింది" అని నిమిషంతో సహా చెప్పారంటే అల్సర్ చిల్లు పడటం, పెద్ద రక్తనాళం పగలడం, పేగుకి రక్తం ఆగిపోవడం ముందుగా గుర్తుకు రావాలి. అపెండిసైటిస్, అంటే అపెండిక్స్ వాపు, అలా రాదు, మెల్లగా వస్తుంది. మొదట బొడ్డు చుట్టూ ఎక్కడో తెలియని నొప్పి, ఆకలి చచ్చిపోవడం, తర్వాత వికారమో వాంతో, ఇంకొన్ని గంటలకి నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే నిలబడుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థమైతే ఇంక మర్చిపోరు. అపెండిక్స్ లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఆ కబురు మోసే నరాలు బొడ్డు దగ్గరి చర్మానికి వెళ్లే నరాలతో పాటే వెన్నుపాములోకి చేరతాయి, అందుకని మెదడు నొప్పి బొడ్డు దగ్గరే ఉందనుకుంటుంది. వాపు పెరిగి కడుపు గోడ లోపలి పొరని తాకాక మాత్రం అసలు చోటు తెలుస్తుంది. చార్లెస్ మెక్‌బర్నీ 1889లో చెప్పిన చోటు అదే, కుడి తుంటి ఎముక ముందు కొన నుంచి బొడ్డుకి గీత గీస్తే అందులో మూడో వంతు దూరంలో ఉంటుంది. అయితే అందరిలోనూ అపెండిక్స్ ఒకేచోట ఉండదు. పెద్దపేగు వెనక దాక్కుని ఉంటే ముందువైపు నొక్కినా పెద్దగా నొప్పి తెలియదు, గర్భిణుల్లో కొంచెం పైకి జరగొచ్చు.

అపెండిసైటిస్ అవకాశం ఎంతో అంచనా వేసే అల్వరాడో స్కోరు నేర్చుకోండి, మొత్తం 10 మార్కులు, అందులో కుడి కింద నొక్కితే నొప్పికి 2, తెల్లకణాలు పెరిగితే 2, మిగతావాటికి ఒక్కొక్కటి. స్కోరు తక్కువుంటే అపెండిసైటిస్ అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది, అంతవరకే దాని ఉపయోగం. స్కోరు చూసి ఆపరేషన్ నిర్ణయించరు.

చెయ్యి పెట్టడం

ముట్టుకునే ముందు ఒకసారి దగ్గమనండి. దగ్గినప్పుడు నొప్పి ఎక్కడో వేలితో చూపిస్తే, పెరిటొనైటిస్ గురించి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది, పైగా గట్టిగా నొక్కి ఠక్కున వదిలి ఆ మనిషిని ఏడిపించాల్సిన పని ఉండదు. చెయ్యి వెచ్చగా ఉండాలి. నొప్పి లేని మూల నుంచి మొదలుపెట్టి నొప్పి ఉన్నచోటికి చివర్లో రావాలి. కళ్లు కడుపు మీద కాదు, మొహం మీద ఉండాలి. కుడి పక్కటెముకల కింద వేళ్లు ఉంచి గట్టిగా ఊపిరి పీల్చమన్నప్పుడు మధ్యలో టక్కున ఆగిపోతే అది మర్ఫీ సైన్, పిత్తాశయం వాచిందని గట్టి అనుమానం. దానికి తోడు జ్వరం, కళ్లు పచ్చబడటం కూడా ఉంటే పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ అనుకుని తొందరపడాలి, ఇంకా బీపీ తగ్గి మాట తడబడుతుంటే అది ప్రాణాంతకం, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి నాళంలో అడ్డు తీసే ఏర్పాటు అప్పటికప్పుడు జరగాలి.

గజ్జలు చూడకుండా కడుపు పరీక్ష అయిపోయిందని రాయొద్దు. ఇది బతిమాలి చెప్తున్నాను. ఒక పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి, రెండు రోజులుగా వాంతులు. కడుపు మెత్తగానే ఉందని ముందు చూసినవాళ్లు రాశారు. నేను వెళ్లేసరికి దుప్పటి నడుము దాకా కప్పుకుని పడుకుంది, సిగ్గుపడి తీయనివ్వలేదు. నర్సుని పిలిచి, కర్టెన్ లాగి, ఎందుకు చూడాలో నెమ్మదిగా చెబితే ఒప్పుకుంది. కుడి గజ్జలో, చర్మం మడత కింద, నిమ్మకాయంత కూడా లేని గట్టి గడ్డ, వేలు తగలగానే మూలిగింది. ఫెమొరల్ హెర్నియా, అంటే గజ్జ కింద సందులోంచి కడుపులోది బయటికి పొడుచుకురావడం, అందులో పేగు ఇరుక్కుపోయింది. ఆ రాత్రే ఆపరేషన్ అయింది. ఇలాంటి గడ్డ మీద చర్మం ఎర్రబడినా, జ్వరం ఉన్నా, నొప్పి ఆగకుండా ఉన్నా బలవంతంగా లోపలికి నెట్టకండి, చచ్చిపోయిన పేగు కడుపులోకి జారిపోతుంది.

పేగు అడ్డుపడటంలో చిన్నపేగుకైతే పాత ఆపరేషన్ తర్వాత లోపల పేగులు అంటుకుపోయి ఏర్పడిన అతుకులే ఎక్కువసార్లు కారణం, కాబట్టి పాత మచ్చలు వెతకండి. వాంతులు, కడుపు ఉబ్బరం, గ్యాస్ కూడా పోకపోవడం అడగండి. ముక్కు గొట్టం వేసి, ఫ్లూయిడ్స్ ఇచ్చి, నోటికి ఏమీ ఇవ్వకుండా చూస్తే అతుకుల వల్ల వచ్చిన అడ్డంకులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి. కానీ వచ్చిపోయే నొప్పి కాస్తా ఆగని నొప్పిగా మారి, జ్వరం, పల్స్, తెల్లకణాలు, లాక్టేట్ (ఆక్సిజన్ అందని కణజాలంలో తయారయ్యే ఆమ్లం) పెరుగుతుంటే పేగుకి రక్తం ఆగుతోందేమోనని చూడాలి, ఇంక ఆగే పని లేదు.

దారి తప్పించేవి

పేషెంట్ నొప్పితో అల్లాడిపోతున్నా కడుపు మాత్రం మెత్తగా ఉంటే నటిస్తున్నారని ఎప్పుడూ అనుకోకండి. ముఖ్యంగా గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లలో రక్తపు గడ్డ వెళ్లి పేగు రక్తనాళంలో ఇరుక్కుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది, కాంట్రాస్ట్‌తో సీటీ స్కాన్ వెంటనే కావాలి. అరవై దాటిన మగమనిషికి జీవితంలో మొదటిసారి "కిడ్నీ రాయి నొప్పి" వచ్చిందంటే అయోర్టా, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, ఉబ్బి పగులుతోందేమో అల్ట్రాసౌండ్‌లో చూడండి. పిల్లలు పుట్టే వయసున్న ప్రతి స్త్రీకీ, ఆవిడ ఏం చెప్పినా, ప్రెగ్నెన్సీ టెస్ట్ తప్పనిసరి. పైకడుపు నొప్పికి ఒక ఈసీజీ, అందరికీ షుగర్ పరీక్ష. యువకుడు పొత్తికడుపు నొప్పి అంటే వృషణాలు చూడండి, మెలిపడితే సుమారు 6 గంటల్లోపు విప్పితేనే దక్కే అవకాశం బాగుంటుంది.

నొప్పికి మందు ఇవ్వండి. మార్ఫిన్ ఇస్తే రోగం దాగిపోతుందని పాతకాలంలో ఆపేవారు, అది తప్పని తేలి చాలాకాలమైంది. నొప్పి కాస్త తగ్గాక పేషెంట్ కడుపు వదులు చేస్తారు, పరీక్ష ఇంకా బాగా కుదురుతుంది.

ఫోన్ చేయడం

సర్జన్‌కి ఫోన్ చేసినప్పుడు మొదటి వాక్యంలోనే అసలు విషయం చెప్పాలి. "మీరు రావాలి, నలభై ఏళ్ల మనిషి, చిల్లు పడిందనుకుంటున్నాను, కడుపు చెక్కలా ఉంది, పల్స్ 118, ఎక్స్‌రేలో డయాఫ్రం కింద గాలి కనిపిస్తోంది." ఇంత చాలు. ఆ తర్వాత ఎప్పుడు తిన్నారు, ఏ మందులు, రక్తం పలచబడే మాత్రలు ఉన్నాయా, అలర్జీలు ఏంటి అన్నవి. పరీక్షలన్నీ వచ్చాక చేద్దామని ఆగకండి. మీకు భయం వేసిందంటే అది కూడా చెప్పదగ్గ విషయమే.

ట్రీట్‌మెంట్ గురించి పేషెంట్లు మిమ్మల్నే ఎక్కువ అడుగుతారు, తెలుసుకుని ఉండాలి. వాచిన పిత్తాశయాన్ని ఆ అడ్మిషన్‌లోనే లాపరోస్కోపీతో తీసేయడమే ఇప్పుడు మంచి పద్ధతి, వారాల తరబడి ఆగితే మధ్యలో మళ్లీ నొప్పి రావొచ్చు. పగలని అపెండిసైటిస్‌కి యాంటీబయాటిక్స్‌తో ప్రయత్నించొచ్చు, కానీ 2020లో వచ్చిన కోడా అనే పెద్ద ట్రయల్‌లో అలా మొదలుపెట్టిన పదిమందిలో సుమారు ముగ్గురికి 90 రోజుల్లోపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, అపెండిక్స్ లోపల రాయిలాంటిది ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువమందికి. ఈ లెక్క చెప్పి నిర్ణయం వాళ్లనే తీసుకోనివ్వాలి.

మళ్లీ చూడటం

అసలు నేను ఇదంతా రాస్తున్నది ఈ మాట కోసమే. ఒక్కసారి చూసి చెప్పలేని కడుపు నాలుగు గంటలకి మళ్లీ చూస్తే చెప్పేస్తుంది. అదే మనిషి, అదే చెయ్యి, మొదట ఎక్కడ ఎంత నొప్పి ఉందో టైమ్ వేసి రాసుకోవాలి, అప్పుడే రెండోసారికి తేడా తెలుస్తుంది. సర్జన్‌కి అంత తీరిక ఉండదు, అందుకే ఈ పని మన చేతిలో ఉంది.

ఆపరేషన్ అయ్యాక కూడా ఇంతే. మొదటి ఒకటి రెండు రోజుల్లో కాస్త జ్వరం ఎక్కువసార్లు ఒళ్లు ఆపరేషన్‌కి స్పందించడమే. కానీ మొదటి రోజే బాగా జ్వరం వచ్చి గాయం దగ్గర భరించలేని నొప్పి అంటే డ్రెస్సింగ్ విప్పి కళ్లతో చూడండి, చర్మం రంగు మారినా, నొక్కితే గరగరలాడినా కణజాలాన్ని కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్ కావొచ్చు, ప్రతి గంటా విలువైందే. పేగు అతికిన పేషెంట్‌కి ఐదో రోజు, ఏడో రోజు మధ్య పల్స్ 110 మీద ఉండిపోతే "భయమేమోలే" అని వదిలేయకండి, జ్వరం రాకముందే పేగు అతికినచోట లీక్‌ని పట్టిచ్చేది చాలాసార్లు ఆ పల్సే. మూత్రం కేజీకి గంటకి 0.5 మి.లీ. కంటే తగ్గకూడదు, అంటే 60 కేజీల మనిషికి గంటకి 30 మి.లీ.

వారం రోజులు అటూ ఇటూగా కడుపు గాయం నుంచి ఉన్నట్టుండి గులాబీరంగు నీరు డ్రెస్సింగ్ అంతా తడిపేస్తే లోపలి కుట్లు వదులవుతున్నాయని అర్థం. మనిషిని పడుకోబెట్టి సర్జన్‌ని పిలవండి. పేగు బయటికి వచ్చేస్తే లోపలికి నెట్టొద్దు, సెలైన్‌లో తడిపిన స్టెరైల్ గుడ్డ కప్పి, మోకాళ్లు కొంచెం వంచి పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా, థియేటర్‌కి కబురు పంపి, మీరు మాత్రం పక్కనే నిలబడి చెయ్యి పట్టుకోండి, ఎందుకంటే ఆ క్షణంలో పేషెంట్ చూస్తున్నది మీ మొహమే.

డ్యూటీ దిగేటప్పుడు అనుమానంగా ఉన్న కడుపుని కాగితం మీద అప్పజెప్పకండి. తర్వాత వచ్చినవాళ్లని మంచం దగ్గరికి తీసుకెళ్లి, మీ చెయ్యి తీసిన చోటే వాళ్ల చెయ్యి పెట్టించి, ఇప్పుడు ఇలా ఉంది, పదింటికి మళ్లీ చూడు అని చెప్పి వెళ్లండి.