రోహిణి కార్తెలో శ్లాబు: తూలినవాణ్ణి ఒంటరిగా వదలకండి

వడగాలుల మండలాల జాబితా మళ్ళీ రోజూ ఫోన్లలో తిరుగుతోంది. శ్రీకాకుళం, విజయనగరం పేర్లు అందులో ఉండనే ఉన్నాయి. వానలు దిగేలోపు శ్లాబు అయిపోవాలని ఇంటివాళ్ళ తొందర కూడా సరిగ్గా ఇప్పుడే. తలపాగా, మజ్జిగ సంగతి అందరికీ తెలుసు, వదిలేద్దాం. మనుషుల్ని మింగుతున్న తప్పు వేరే ఉంది.

తట్ట మోస్తున్న మనిషి తూలతాడు. "కాసేపు నీడలో పడుకోరా" అని మెట్ల కింద పడుకోబెట్టి అందరూ పైకెళ్ళిపోతారు. కింద కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది, మాలు గట్టిపడిపోతుంది మరి. గంట తర్వాత నీళ్ళకి దిగినవాడు పిలిస్తే ఆ పడుకున్నవాడు పలకడు. నిద్రపోతున్నాడనుకున్నామంటారు.

ఒళ్ళు 40 డిగ్రీలు దాటి మెదడు తడబడుతుంటే నీడ చాలదు. అరగంటలోపు చల్లబరచాలి. ఆలస్యమైనకొద్దీ మెదడు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. బరువు మోసేవాడికి చెమట కారుతుండగానే వడదెబ్బ తగులుతుంది. మన తీరం గాలిలో తేమకి ఆ చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. వాతావరణ శాఖ కూడా మైదానంలో 40 డిగ్రీల నుంచి వడగాలి లెక్క చూస్తే, తీరంలో 37 నుంచే చూస్తుంది.

మాట ముద్దగా వస్తోందా, ఊరికే కసురుకుంటున్నాడా, అడుగు తడబడుతోందా? "ఇవాళ ఏం వారం? ఎవరింటి శ్లాబిది?" అని అడగండి. పొంతన లేని జవాబొస్తే ఇద్దరు పని వదిలి అతని దగ్గరే ఉండాలి. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. రెండోవారు చొక్కా విప్పి, డ్రమ్ములో నీళ్ళు తల నుంచి కాళ్ళదాకా ఆపకుండా పోస్తూ విసరాలి. ఐసు దొరికితే మెడకి, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టి పెట్టండి. ముందు చల్లబరచడం, తర్వాతే బండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి, తెలివి సరిగా లేనివాడికి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంత తెలిసినా వదిలేస్తారు. ఎందుకంటే శ్లాబు ఆగకూడదు! అది సగమే నిజం. ఎక్కడ ఆపొచ్చో ఇంజినీరు చేత ముందు రోజే గీత గీయించండి, మామూలుగా స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) మధ్య మూడో వంతులో. అక్కడ చెక్క నిలువుగా కట్టి ఆపి, మళ్ళీ మొదలెట్టేటప్పుడు అంచు గరుకు చేసి, శుభ్రంగా కడిగి, ఇంజినీరు చెప్పినట్టు అతుకు వేస్తే శ్లాబు పోదు.

అసలు చిక్కు గుత్తలో ఉంది. శ్లాబు గుత్తకి ఒప్పుకున్న ముఠాలో తల తగ్గితే వాటా పెరుగుతుంది, అందుకే చాలీచాలని మందితో దిగుతారు. మార్చుకోడానికి ఇద్దరిని ఇంటాయన గుత్తకి బయట, విడి కూలికి పెట్టాలి. ఇంటాయన గునిస్తే, తెల్లారుజామున నాలుగింటికి మొదలెట్టి పదిన్నరకి ముగించిన శ్లాబుకి పగుళ్ళ బెడద కూడా తక్కువేనని చెప్పండి. మనుషుల మాట వినకపోయినా పగుళ్ళ మాట వింటాడు.

కొత్త కలాసీకి మొదటిరోజు మామూలు పనిలో ఐదో వంతే, తర్వాత రోజుకి ఇంకో ఐదో వంతు చొప్పున పెంచాలి. ఎండకి ఒళ్ళు అలవాటుపడాలి. పాత మనిషే వారం పైన ఊళ్ళో ఉండి వస్తే సగం పనితో మొదలు.

పావు గంటకో గ్లాసు నీళ్ళు, దాహంతో పని లేదు.

ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్ళకి ఒకటి. రెండు కలిపితే హాని.

చోడి (రాగి) అంబలో తరవాణో కడుపులో పడకుండా తట్ట ఎత్తకూడదు.

ఒళ్ళు నొప్పుల మాత్ర పనికి ముందు వద్దు, మధ్యలో అసలే వద్దు. నీళ్ళు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర కిడ్నీల మీద పడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళకి ఇది రెండుసార్లు చెప్పండి.

రాత్రి మందు తాగినవాణ్ణి శ్లాబెక్కించకండి.

సెంట్రింగ్ రేకుల మీద చెప్పుల్లేకుండా నిలబెట్టకండి.

మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే కూర్చోబెట్టండి, అడగడానికి సిగ్గుపడకండి.

ఆడవాళ్ళకి మరుగు చూపించండి. అది లేకే చాలామంది నీళ్ళు తాగరు.

అడ్వాన్సు ఇచ్చాం కదా అని ఒంట్లో బాలేనివాణ్ణి పిలవకండి.

తూలినవాడు "ఏం లేదు మేస్త్రీ" అంటాడు. నమ్మొద్దు. పక్కన మనిషి ఉండాలి. మిల్లరు ఆపైనా సరే, ఉండాలి.