ఇంటి వద్ద ఉపశమన సంరక్షణ – మూడో పాఠం: పదిహేను రోజుల కిందటి మనిషి

కిందటి పాఠంలో రోగిని కుర్చీలోంచి లేపి, మూడు మీటర్లు నడిపించి, వెనక్కి తెచ్చి కూర్చోబెట్టి, పట్టిన సమయాన్ని లెక్కించడం నేర్చుకున్నాం. ఈ పాఠం అడిగి తెలుసుకోవడం గురించి. కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో వెలువరించిన క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్‌కు (రోగి దుర్బలతను కొలిచే మెట్ల పట్టికకు) మొదట 7 మెట్లుండేవి, తర్వాత 9 అయ్యాయి. రోగి సత్తువనూ, ఇతరుల మీద ఆధారపడే తీరునూ చూసి ఒక అంకె వేయాలి. అయితే జబ్బు తిరగబెట్టిన రోజున కనిపించే మనిషికి కాక, రెండు వారాల కిందటి మనిషికి ఆ అంకె వేయాలి.

ఆదోని దగ్గర ఒక పల్లెలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న అవ్వను చూడడానికి పౌర్ణమి ముందురోజు వెళ్లాను. ఆమె నులకమంచం మీద పడి ఉంది. కోడలు చెంచాతో గంజి తాగిస్తోంది. సొంత పనులన్నింటికీ ఇతరుల మీదే ఆధారపడే వారికి వేసే 7 రాసి లేచాను. గడప దాటుతుంటే కోడలు, "పోయిన అమావాస్యకు గూడా రొట్టెలు మా అత్తే తట్టింది మేడం" అంది. వెనక్కి వెళ్లి అడిగితే, మార్ఫిన్ మొదలైన నాటి నుంచి విరేచనం కాలేదని, అందుకే తిండి మానేసిందని తేలింది. మలబద్ధకానికి మందు పడ్డాక వారంలో ఆమె అరుగు మీదికి వచ్చి కూర్చుంది. రొట్టెలు తట్టినా మాత్రలూ డబ్బూ కోడలే చూసేది కాబట్టి ఆమెకు తగిన అంకె 5. నా 7ను నమ్మి ఉంటే, నొప్పి తగ్గించే రేడియేషన్ కూడా ఆమెకు వద్దనుకునేవారేమో. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి "పోయిన అమావాస్యకు" అని తిథి చెప్పి అడగండి. "మీ పనులు మీరే చేసుకుంటారా" అంటే అందరూ ఔననే అంటారు. ఒకటో తేదీన వచ్చిన పింఛను డబ్బు ఎవరు లెక్కపెట్టుకున్నారు, మాత్రలు ఎవరు తీసి ఇచ్చారు, స్నానానికి నీళ్లు ఎవరు తోడిపోశారు అని అడగండి. ఏనాడూ పొయ్యి ముట్టని తాత ఇప్పుడు వండడం లేదంటే అది దుర్బలత కాదు. నిన్నటిదాకా చేసి ఇప్పుడు మానేసిన పనినే లెక్కలోకి తీసుకోవాలి.

క్యాన్సర్ అనగానే 9 వేయడం కొత్తవారు తరచుగా చేసే తప్పు. ఆరు నెలల లోపు ఆయుష్షే ఉన్నా, ఇతరత్రా తీవ్ర దుర్బలత కనిపించని వారికే ఆ మెట్టు.

కాళ్లు ఒక్కసారిగా పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అంకెల జోలికి పోకుండా వెంటనే వైద్యుడికి ఫోన్ చేయండి. వెన్నుపాము నొక్కుకుపోయి ఉండవచ్చు.

వచ్చే పాఠంలోగా రెండు ఇళ్లలో మీరూ, మీ తోటి నర్సూ విడివిడిగా అంకె వేయండి. తేడా వస్తే, ఏ ప్రశ్నకు వచ్చిన జవాబును ఇద్దరూ వేరుగా అర్థం చేసుకున్నారో నోటుపుస్తకంలో రాసి ఉంచండి. బరువు తగ్గడాన్ని కొలిచే నాలుగో పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెడదాం.