మ్యాజిక్ కింగ్‌డమ్ తెర వెనుకకు వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను ఫ్లోరిడాకు తీసుకువెళ్లి డిస్నీ వరల్డ్ చూపించడం మన కుటుంబాలలో ఆనవాయితీగా మారింది. ఒకసారి చూసినవారు రెండోసారి వెళ్లేటప్పుడు ఏదైనా కొత్తగా చూడాలనుకుని, డిస్నీ వరల్డ్‌లోని పార్కులలో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ తెర వెనుక ఏముందో చూపించే ‘కీస్ టు ద కింగ్‌డమ్’ పర్యటనకు టికెట్లు తీసుకుంటున్నారు. నిజంగా చూడదగినదే. అయితే మామూలు పార్కు సందర్శనకు సిద్ధమైనట్లే దీనికీ సిద్ధమై వెళ్లి ఇబ్బంది పడిన కుటుంబాలను నేను చూశాను. ఎనభైకి దగ్గరపడిన పెద్దాయన ఒకరు రెండు గంటలు నడిచాక మోకాళ్లు సహకరించక, వెనక్కి వెళ్లలేక, ముందుకు సాగలేక గోడకు చేరబడి నిలబడిపోయిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. ఈ పర్యటనలో మనం అడుగుపెట్టేది వినోదశాలలోకి కాదు, వేలమంది రోజూ పనిచేసే చోటికి. తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ ఆ ఒక్క విషయం నుంచే వస్తాయి.

మొట్టమొదట తేల్చుకోవలసినది ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి అన్నది. పదహారేళ్లు నిండనివారిని ఈ పర్యటనకు అనుమతించరు. మా అబ్బాయి వయసుకు మించిన తెలివిగలవాడు, పొడగరి అని చెప్పి చూసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఈ నిబంధన క్రమశిక్షణ కోసం పెట్టింది కాదు. తెర వెనుక దారుల్లో పాత్రధారులు పూర్తి వేషంలో లేకుండా ఎదురుపడే అవకాశం ఉంటుంది. తాను కౌగిలించుకుని ఫోటో దిగిన మిక్కీ మౌస్ లోపల ఒక మనిషి ఉన్నాడని ఆరేళ్ల పాపకు తెలిసే రోజు ఇలా రాకూడదు. కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులలో ఒకరు ఆ అయిదు గంటలూ పిల్లలతో ఉండిపోవాలని ముందే అనుకోవాలి. ఆ బాధ్యతను ఊరు నుంచి వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో అప్పగించి, భాష కొత్త, జనం కొత్త అయిన చోట వారిని పిల్లలతో ఒంటరిగా వదలడం మంచిది కాదు. పెద్దవారిలో కూడా కొందరు ఆ మాయను మాయగానే ఉంచుకోవడానికి ఇష్టపడతారు. అలాంటివారిని బలవంతపెట్టవద్దు.

పర్యటన దాదాపు 5 గంటలు సాగుతుంది, అందులో ఎక్కువ భాగం కాళ్ల మీదే గడుస్తుంది. మామూలుగా పార్కులో అలసిపోతే ఎక్కడో ఒక బెంచీ మీద కూర్చుని, మిగిలినవారు తిరిగివచ్చే వరకు ఆగవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు ఉండదు. తెర వెనుక ప్రాంతంలో గైడ్ వెంట లేకుండా ఎవరూ ఒక్క అడుగు కూడా వేయరాదు కనుక, ఒకరు ఆగిపోతే వారిని బయటికి చేర్చేందుకు మొత్తం బృందం ఆగవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, ఆయాసం, గుండెజబ్బు ఉన్నవారు తమ శక్తిని నిజాయితీగా అంచనా వేసుకోవాలి. మనవాళ్లు పిల్లల ఖర్చు వృథా అవుతుందేమోనని, వారి సంబరం చెడుతుందేమోనని నొప్పిని దాచుకుంటారు. కాబట్టి అడగవలసిన బాధ్యత పిల్లలదే. చక్రాల కుర్చీ కావలసి ఉంటే టికెట్ తీసుకునేటప్పుడే నిర్వాహకులకు చెప్పి, వారు సూచించిన ప్రకారం నడుచుకోవాలి.

పార్కు ప్రవేశ టికెట్, పర్యటన టికెట్ రెండూ వేర్వేరు, రెండూ ఉండాలి. టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు ఎప్పటి వరకు తిరిగి వస్తుందో కొనే ముందే చదవండి. పర్యటనకు ఫోటో ఉన్న గుర్తింపు పత్రం చూపించాలి. ఇండియా నుంచి వచ్చినవారికి అంటే పాస్‌పోర్టు. దాన్ని హోటల్ గదిలో పెట్టెలో వదిలి, ఫోన్‌లో తీసిన ఫోటోను నమ్ముకుని రావద్దు. ఒరిజినల్‌ను నడుముకు కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకుని, దాని నకలును గదిలో ఉంచండి.

కొత్తగా వెళ్లేవారు ఎక్కువగా పొరబడేది సమయం విషయంలో. మ్యాజిక్ కింగ్‌డమ్ ముందు వరకు సొంత కారు వెళ్లదు. దూరంగా ఉన్న స్టాండులో కారు నిలిపి, సెవెన్ సీస్ లగూన్ అనే చెరువు మీదుగా ఫెర్రీలోనో, దాని చుట్టూ తిరిగే మోనోరైల్‌లోనో గేటు దగ్గరికి చేరుకోవాలి. దారిలో సంచుల తనిఖీ కూడా ఉంటుంది. కారు నిలిపిన క్షణం నుంచి లోపల పర్యటన మొదలయ్యే చోటికి చేరడానికి కనీసం గంటన్నర పెట్టుకోండి. ఉదయం ఉప్మా చేసుకుని, టీ తాగి, పూజ ముగించుకుని బయలుదేరే ఇళ్లలో ఈ గంటన్నరను లెక్కలో వేసుకోకపోవడం వల్లనే పరుగులు మొదలవుతాయి, ఆ పరుగులోనే పెద్దవారి కాళ్లు అలసిపోతాయి.

ఫ్లోరిడా వేసవిని తేలికగా తీసుకోవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండో ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. మే నెలలో విజయవాడ ఎండను భరించినవారికి ఈ అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ గాలిలో తేమ కాకినాడ, విశాఖ తీరాన్ని గుర్తుచేసేంతగా ఉంటుంది, పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసే వరకు ఆగకుండా గంటకోసారైనా నీళ్లు తాగుతూ ఉండాలి. పార్కులో కౌంటర్ దగ్గర ఆహారం అమ్మే చోట అడిగితే ఐస్ వేసిన మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారిలో నీరు త్వరగా తగ్గిపోతుంది కనుక, బయలుదేరే ముందే తమ డాక్టరును సంప్రదించి, నీళ్లు, ఓఆర్ఎస్ ఎంత తీసుకోవాలో తెలుసుకోవాలి. కళ్లు తిరిగినా, తల బరువెక్కినా, వాంతి వచ్చేలా అనిపించినా ఆ క్షణంలోనే గైడ్‌కు చెప్పాలి. పరాయి దేశంలో నలుగురిలో చెప్పడం ఎందుకని మొహమాటపడితే అది వడదెబ్బ దాకా వెళ్తుంది.

ఇక వాన. ఫ్లోరిడా ద్వీపకల్పానికి రెండు వైపులా సముద్రం ఉండటం వల్ల రెండు వైపుల నుంచి వచ్చే చల్లని సముద్రపు గాలులు మధ్యాహ్నం వేళ నేల మీద కలుసుకుని తేమ నిండిన వెచ్చని గాలిని పైకి నెడతాయి, అది మేఘాలుగా మారుతుంది. అందుకే వేసవి మధ్యాహ్నాలలో అప్పటిదాకా మండిన ఎండ అరగంటలో ఉరుములు, పిడుగులతో కూడిన వానగా మారుతుంది. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం కూడా. వీలైతే ఉదయం మొదలయ్యే పర్యటననే ఎంచుకోండి. బృందంగా నడిచేటప్పుడు గొడుగు పక్కవారికి అడ్డు అవుతుంది కాబట్టి, మడిచి పెట్టుకోగలిగే పలుచని ప్లాస్టిక్ రెయిన్‌కోటు మేలు. మెరుపులు కనిపిస్తే ఆరుబయట నడిచే రైడ్లను ఆపివేస్తారు, ఆ కారణంగా పర్యటనలో ఏదైనా మారితే గైడ్‌తో వాదించకండి.

చెప్పుల విషయంలో మన ఆడవారికి ఒక మాట. చీర కట్టుకుని, వెనుక పట్టీ లేని చెప్పులు వేసుకుని 5 గంటలు నడవడం ఇబ్బందే కాదు, మెట్ల మీద, తడినేల మీద ప్రమాదం కూడా. వేళ్లు మూసి ఉండే మెత్తని బూట్లు వేసుకోవాలి. అవి పర్యటనకు ముందురోజు కొన్నవై ఉండరాదు, కనీసం రెండు వారాలు ఇంటి చుట్టూ నడిచి అలవాటు చేసుకున్నవై ఉండాలి. చీరే కట్టుకుంటామన్నవారు కుచ్చిళ్లు కాస్త ఎత్తుగా కట్టుకోవాలి.

పర్యటనలో భోజనం కూడా ఉంటుంది, కానీ అది మీ ఇంటి వేళకు దొరకదు. షుగర్ ఉన్నవారు మాత్ర ఎప్పుడు, తిండి ఎప్పుడు అన్నది ఉదయమే గైడ్‌ను అడిగి తెలుసుకుని దానికి తగ్గట్టుగా సర్దుకోవాలి. జేబులో నాలుగు బిస్కెట్లో, ఖర్జూరాలో తప్పక ఉండాలి. శాకాహారులు ఆ మాటను టికెట్ తీసుకునేటప్పుడు ఒకసారి, ఉదయం మరోసారి చెప్పాలి. మాంసం, చేప, గుడ్డు వీటిలో ఏది తినరో విడివిడిగా చెప్పడం అవసరం, ఎందుకంటే చేప తినేవారిని కూడా కొందరు అక్కడ శాకాహారులుగానే అనుకుంటారు. మందుల సంచిని పెద్ద బ్యాగుతో పాటు లాకరులో పెట్టి రావద్దు, అది ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి.

ఇప్పుడు తెర వెనుక సంగతి. మ్యాజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబరు 1న తెరుచుకుంది. అంతకు ముందు 1955లో కాలిఫోర్నియాలో మొదలైన డిస్నీలాండ్‌లో, కౌబాయ్ వేషంలో ఉన్న ఉద్యోగి ఒకరు భవిష్యత్ లోకాన్ని చూపించే టుమారోలాండ్ గుండా నడిచి వెళ్తుండగా చూసి సంస్థ స్థాపకుడు వాల్ట్ డిస్నీ నొచ్చుకున్నారని, అందుకే ఫ్లోరిడాలో ఉద్యోగులకు వేరే దారులు ఉండాలనుకున్నారని చెబుతారు. ఆ దారులే యుటిలిడార్లు. వీటిని అందరూ సొరంగాలని అంటారు, కానీ ఇవి తవ్వినవి కావు. ఫ్లోరిడాలో కొద్ది లోతులోనే నీరు పడుతుంది కనుక ముందు నేల మీదనే ఈ దారులను కట్టి, మీరు ఫెర్రీలో దాటి వచ్చిన చెరువును తవ్వగా వచ్చిన మట్టితో వాటి చుట్టూ, పైనా కప్పారు. అంటే సందర్శకులు తిరిగే వీధులన్నీ ఒక విధంగా రెండో అంతస్తులో ఉన్నట్లే. నాకు ఈ పర్యటనలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, ఎందుకంటే ఆ తర్వాత సిండ్రెల్లా కోట ముందు నిలబడినప్పుడు కాళ్ల కింద మరో ఊరు పనిచేస్తోందన్న సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది.

ఆ కింది ఊరిలో జాగ్రత్త అవసరం. ఉద్యోగులు వేళకు చేరుకోవడానికి వేగంగా నడుస్తుంటారు, సరుకులు మోసే బ్యాటరీ బండ్లు పెద్దగా చప్పుడు చేయకుండానే పక్క నుంచి వస్తాయి. గైడ్ చూపిన అంచునే ఒకరి వెనుక ఒకరుగా నడవాలి, ఏదో చూడటానికి మధ్యలో ఆగకూడదు. తలపైన వెళ్లే గొట్టాలలో ఉన్నట్టుండి హోరుమని శబ్దం వస్తే కంగారుపడవద్దు. అది పార్కులోని చెత్తను గాలి ఒత్తిడితో గంటకు సుమారు 60 మైళ్ల వేగంతో లాగే వ్యవస్థ, స్వీడన్ నుంచి వచ్చిన పద్ధతి. చెవి యంత్రం పెట్టుకునేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే ఉలిక్కిపడరు.

తెర వెనుక ఫోటోలు, వీడియోలు తీయడం పూర్తిగా నిషేధం. ఫోన్‌ను చేతిలో పట్టుకోవడం కూడా అనుమానానికి తావిస్తుంది కాబట్టి లోపలికి అడుగుపెట్టే ముందే సంచిలో పెట్టేయండి. ఇంట్లోవారి వాట్సాప్ కాల్ వస్తే ఎత్తవద్దు, ఆ ఉదయమే ఊళ్లోని బంధువులకు మీరు అయిదు గంటలు ఫోన్‌కు దొరకరని చెప్పి ఉంచండి. వేషం తీసేసి కూర్చుని ఉన్న ఉద్యోగి కనిపిస్తే వేలు పెట్టి చూపించకండి, తేరిపార చూడకండి. మన ఆఫీసులో మనం అన్నం తినే వేళ నలుగురు వచ్చి మన ముఖంలోకి చూస్తే మనకెలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది. ఈ సంస్థ తన ఉద్యోగులకు నేర్పే సూత్రాలలో మొదటిది భద్రత, ప్రదర్శన ఆ తర్వాతే వస్తుంది. గైడ్ ఒక తలుపు దగ్గర ఆపితే, వద్దంటే, కారణం అడగకుండా ఆగిపోవడమే సరైనది.

గైడ్ మాటలు చెవికి పెట్టుకునే చిన్న పరికరంలో వినిపిస్తాయి, కానీ వేగమైన అమెరికన్ ఇంగ్లీషులో. పెద్దవారికి పక్కనే నిలబడి తెలుగులో చెబుతూ ఉంటే చెప్పేవారూ, వినేవారూ ఇద్దరూ సగం పోగొట్టుకుంటారు. ముందురోజు రాత్రి కూర్చోబెట్టి యుటిలిడార్ల కథ, గొట్టాల సంగతి, పార్కులోకి అడుగుపెట్టగానే వచ్చే మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో పై అంతస్తులను చిన్నవిగా కట్టి భవనాలు ఎత్తుగా కనిపించేలా చేసిన కిటుకు వివరించండి. రామోజీ ఫిల్మ్ సిటీలో ముందు గోడలు మాత్రమే ఉన్న సెట్లను చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఇంత నడవలేని తల్లిదండ్రులకూ, పదహారేళ్లు నిండని పిల్లలకూ డిస్నీ వరల్డ్‌లోనే మరో పార్కు అయిన ఎప్‌కాట్‌లోని ‘బిహైండ్ ద సీడ్స్’ పర్యటన నా దృష్టిలో చాలా మంచిది. అది గంటసేపే ఉంటుంది, అన్ని వయసులవారూ వెళ్లవచ్చు. మట్టి లేకుండా నీటితో, ఇసుకతో పంటలు పండించే గాజు తోటలను దగ్గరగా చూపిస్తారు. ఒకే టమాటా మొక్కకు 32,000కు పైగా కాయలు కాసి గిన్నిస్ రికార్డు సాధించింది అక్కడే. సేద్యం చేసి బతికిన నాన్నగారికి సొరంగాలకంటే ఆ తోటే ఎక్కువ ఆనందమిస్తుంది, ప్రశ్నలు కూడా ఆయనే ఎక్కువగా అడుగుతారు.

పర్యటన ముగిశాక చెవి పరికరం తిరిగి ఇచ్చి, వెంటనే మరో రైడ్ వరుసలో నిలబడకుండా చల్లగా ఉన్న చోట గంటసేపు కూర్చోండి, కాళ్లు ఎత్తిపెట్టుకోండి, నీళ్లు తాగండి. పిల్లలు ఏం చూశారని అడిగితే చెత్త గొట్టాల గురించీ, బండ్ల గురించీ చెప్పండి, మిక్కీ సంగతి మీ దగ్గరే ఉంచండి. అట్లాంటా నుంచి కారులో వచ్చినవారు ఆ రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. అది సుమారు 440 మైళ్ల దారి, పగలంతా నడిచిన కాలు బ్రేకు మీద మొద్దుబారుతుంది. ఆ రాత్రి ఓర్లాండోలోనే పడుకుని, తెల్లవారి ఎండ ఎక్కకముందే బయలుదేరండి.